శత్రుబలం అంచనా కథ కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా సెప్టెంబరు 17 దగ్గరపడగానే అది విమోచనమా, విలీనమా, విద్రోహమా అన్న చర్చతోనే పత్రికలు నిండిపోతున్నాయి. 1948లో భారత సైన్యం నిజాం పాలనలోని మా ప్రాంతంలో అడుగుపెట్టే ముందు ఎదుటివారి బలాన్ని ఎలా లెక్కగట్టిందన్న సంగతి మాత్రం ఎక్కడా కనబడదు. చాలాకాలం చరిత్ర పాఠం చెప్పినవాడిగా నాకు ఇది పెద్ద లోటనిపిస్తున్నది.

నిజాం సైన్యం 22 వేలని, రజాకార్లు 2 లక్షలని అప్పటి లెక్క. ఆ అంకెలనే చూస్తే పోరు నెలల తరబడి సాగాలి. అయితే రజాకార్లలో ఆధునిక తుపాకులున్నవారు కొద్దిమందే. మిగతావారి చేతుల్లో ఉన్నవి కత్తులు, నాటు తుపాకులు. విజయవాడ వైపు నుంచి వచ్చిన దళాలు సూర్యాపేటను పట్టుకున్నప్పుడు, వెనుదిరిగిన నిజాం బలగాలు మూసీ వంతెనను కూల్చాయి గాని, దాన్ని బాగుచేసేవారిని అడ్డుకోవడానికి అక్కడ తుపాకీ పట్టి ఎవరూ నిలవలేదు. 13న మొదలైన చర్య 17న లొంగుబాటుతో ముగిసింది.

దీనికి సరిగ్గా నాలుగేళ్ల ముందు, 1944 సెప్టెంబరు 17ననే, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతిలో ఉన్న నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ వంతెన కోసం బ్రిటిష్ పారాచూట్ దళాలు దిగాయి. అక్కడ 9, 10 ఎస్ఎస్ పాంజర్ డివిజన్లు, అంటే జర్మన్ల ట్యాంకు దళాలు, ఉన్నాయని జర్మన్లను రహస్యంగా ఎదిరిస్తున్న డచ్ ప్రతిఘటనకారులు ముందే కబురు పంపారు. బ్రిటిష్ నిఘా అధికారి మేజర్ బ్రయాన్ అర్కహార్ట్, అప్పటికి పాతికేళ్లవాడు, విమానాలతో ఫొటోలు తీయించి చెట్ల చాటున ఉన్న ట్యాంకులను పైవారికి చూపించాడు. వారు వినకపోగా, అలసిపోయావని చెప్పి ఆయనను సెలవుపై పంపేశారు. ఆ డివిజన్లు అంతకుముందు ఫ్రాన్స్‌లోని నార్మండీ పోరులో చితికిపోయి వచ్చినవి కాబట్టి కాగితం మీద బలహీనమైనవే; కానీ మిగిలినవారు యుద్ధంలో రాటుదేలినవారు. దిగిన సుమారు 10 వేల మందిలో రైన్ నది దాటి తిరిగి వచ్చినవారు రెండున్నర వేలకు మించలేదు.

ఒకచోట పెద్ద అంకె వెనుక బలం లేదు, మరొకచోట చిన్న అంకె వెనుక ఉన్న బలాన్ని చూడదలచుకోలేదు. సైన్యంలో చేరాలని ఉదయం పూట మైదానాల్లో పరుగులు తీస్తున్న మన జిల్లా పిల్లలకు వీరగాథలతోపాటు ఈ తేడా కూడా తెలియాలి.

మీ విలేకరులు కోదాడ, మునగాల, సూర్యాపేట, నార్కట్‌పల్లి పెద్దలను కలవాలని నా మనవి. ఆనాడు పదేళ్లున్నవారికి ఇప్పుడు తొంభై దగ్గర పడుతున్నది. రజాకార్ల క్యాంపు ఏ ఊళ్లో ఉండేది, అందులో ఎందరున్నారని జనం అనుకునేవారు, నిజానికి ఎందరు కనబడ్డారు, సైన్యం వచ్చి ఎవరినైనా దారి అడిగిందా — ఈ నాలుగు ప్రశ్నలైనా అడిగి, వారు చెప్పింది చెప్పినట్టు ఈ సెప్టెంబరులోపే అచ్చువేయండి.

— ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, సూర్యాపేట