పది ప్యాడ్లు చాలవు

ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లంటూ ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ‘స్వేచ్ఛ’ పథకం వేసుకున్న లెక్కే సరిపోనిది. ఆరు గంటలకొకటి మార్చినా ఐదు రోజులకు ఇరవై కావాలి. కొనలేని ఇళ్లలో పిల్ల ఒక్కదానితోనే పొద్దంతా నెట్టుకొస్తుంది. ఒరుపు, దురద అందుకే. లేదంటే పాత చీరగుడ్డ. అదీ ఎవరి కంటా పడకూడదని మంచం కింద ఆరేస్తారు, ఎండ తగలక ముక్కిపోతుంది. పెద్దమనిషైతే ఫ్లెక్సీకీ భోజనాలకీ అప్పు పుడుతుంది, దీనికి మాత్రం పుట్టదు! బడి మరుగుదొడ్లో మూత బుట్ట లేకపోతే వాడినవి గొట్టంలో అడ్డుపడతాయి, ఆ తర్వాత తలుపుకు తాళమే. నెలకు ఇరవై ఇవ్వాలి, వేసవి కోటా సెలవులకు ముందే అందాలి. మాస్టార్ని అడిగే పని లేకుండా మరుగుదొడ్డి పక్కనే అల్మరాలో ఉంచాలి. బుట్ట ఎత్తే ఆయాకు చేతి తొడుగులు కూడా ఇవ్వండి.

– ఒక పాఠకురాలు, తణుకు