ఆ కొత్త లీవర్ రైఫిల్ ఇక మన షాపులో దొరకదు

ఉడుతల సీజన్‌కి కొత్త లీవర్ యాక్షన్ ట్వంటీటూ (ట్రిగ్గర్ దగ్గరి లీవర్ కిందికీ పైకీ తిప్పితే తూటా ఎక్కే .22 రైఫిల్) కావాలని అడ్వాన్స్ కట్టినవాళ్ళకీ, ఇప్పటికే ఇంటికి పట్టుకెళ్ళినవాళ్ళకీ ముందుగా అసలు సంగతి చెప్పేస్తాను. ఆ మోడల్ అమ్మడం ఆపేశాను. షాపులో మిగిలినవన్నీ ప్యాక్ చేసి సప్లయర్‌కి తిప్పి పంపేశాను. అడ్వాన్సులు పూర్తిగా వెనక్కి ఇస్తున్నాను. కొన్నవాళ్ళు రైఫిల్ తెచ్చి ఇస్తే కట్టిన డబ్బంతా ఇస్తాను. ఎన్ని తూటాలు కాల్చారు, కర్ర మీద గీతలు ఎలా పడ్డాయి అని ఆరా తీయను.

తేదీల వరకే కావాలనుకునేవాళ్ళు నేరుగా చివరికి వెళ్ళిపోవచ్చు. మిగతాది ఎందుకు రాస్తున్నానంటే, “చవగ్గా వస్తోందని ఏదో తెచ్చి పెట్టాడు, ఇప్పుడు చేతులు దులుపుకుంటున్నాడు” అన్న మాట నా చెవిన పడింది. ఏమన్నా పడతాను కానీ ఆ మాట పడను.

నేను చూడకుండా తేలేదు. శాంపిల్‌గా పంపిన రైఫిల్‌ని నేనే రేంజ్‌లో కాల్చాను. ఎండలో, చలిలో, శుభ్రం చేసి, చేయకుండా, రకరకాల తూటాలతో పెట్టె తర్వాత పెట్టె కాల్చాను. ఎక్కడా ఆగలేదు. లీవర్ నునుపుగా తిరిగింది, కాల్చిన తూటా ఖాళీ కేసు ప్రతిసారీ పక్కకి ఎగిరిపడింది. అది చూసే ఆర్డర్ పెట్టాను. తర్వాత వచ్చిన సరుకు ఆ శాంపిల్‌కి తోబుట్టువులా లేదు. పైకి అదే పాలిష్, అదే కర్ర, లోపల వేరే రైఫిల్.

మొదటి ఫిర్యాదు తెచ్చినాయన పాత కస్టమర్. కౌంటర్ మీద పేలని తూటాలు వరసగా పెట్టాడు. భూతద్దం పెట్టి చూస్తే విషయం అక్కడే తెలిసిపోయింది. రిమ్‌ఫైర్ తూటాలో పేలే మందు మధ్యలో ఉండదు, వెనక అంచు లోపల చుట్టూ ఉంటుంది. ఫైరింగ్ పిన్ (ట్రిగ్గర్ నొక్కితే తూటాని కొట్టే ముక్క) ఆ అంచుని ఛాంబర్ (కాల్చేముందు తూటా కూర్చునే చోటు) గోడకేసి నలిపితేనే మందు అంటుకుంటుంది. మంచి రైఫిల్ కొట్టిన కేసు మీద గంటు లోతుగా, అంచులు తేరి కనపడుతుంది. ఈయన తెచ్చినవాటి మీద గోటితో నొక్కినట్టు ఒక మసక గుర్తు, అంతే. వాటినే నా సొంత రైఫిల్‌లో, గుర్తు పడని వైపు పిన్ తగిలేలా తిప్పి పెడితే చక్కగా పేలాయి. అంటే తూటాల తప్పు కాదు.

రెండో జబ్బు ఇంకా చికాకు పెట్టింది. బ్యారెల్ కింద తూటాలు నింపే ట్యూబ్ నుంచి వచ్చిన తూటాని పైకి లేపే క్యారియర్ ఒక రవ్వ ఆలస్యంగా లేస్తోంది. తూటా ముక్కు ఛాంబర్ కింది అంచుకి గుద్దుకుని, సీసం సన్నగా చెక్కుకుపోయి అక్కడే అతుక్కుంటోంది. నాలుగు తూటాలు పోయేసరికి ఆ చెక్కు పేరుకుని ఐదోది ఎక్కదు. అన్ని రైఫిళ్ళూ ఇలా లేవు. కొన్ని బంగారంలా ఆడాయి. బాధ అక్కడే వచ్చింది. ఏది ఆడుతుందో, ఏది ఆడదో చూసి చెప్పే దారి లేదు.

ఇక సప్లయర్ సంగతి. పేరు రాయను, రాయాల్సిన పనీ లేదు. మొదటి ఫోన్‌కి వచ్చిన జవాబు: “మీ కస్టమర్లు లీవర్ పూర్తిగా తిప్పడం లేదేమో సార్.” లీవర్ సగం తిప్పి వెనక్కి లాగితే తూటా ఇరుక్కోవడం నిజమే. కొత్తవాళ్ళు అలా చేస్తారు, నేను రోజూ కౌంటర్ దగ్గర చెప్పేదే. కానీ నా కౌంటర్ ముందు నిలబడినాయన నా కంటే ముందు నుంచీ లీవర్ రైఫిల్‌తో కుందేళ్ళు కొడుతున్న మనిషి. ఆయనకి లీవర్ తిప్పడం రాదనడం విన్నాక నాకు చెవులు ఎర్రబడ్డాయి. వీడియో తీసి పంపాను. రెండో జవాబు: “రిమ్‌ఫైర్ అన్నాక కొన్ని పేలవు.” అదీ కొంత నిజమే, పేలే మందు అడుగు మధ్యలో ఉండే సెంటర్‌ఫైర్ అంత నమ్మకం రిమ్‌ఫైర్‌కి లేదు. కానీ ఒకే పెట్టెలోని తూటాలు ఒక రైఫిల్‌లో పేలి, ఇంకో దాంట్లో పేలకపోతే దాన్ని తూటా మీదకి తోయడానికి సిగ్గుండాలి. మూడోసారి “ఇంకెవరూ కంప్లయింట్ చేయలేదు” అన్నారు. ఆ మాటతో లెక్క తేలిపోయింది. మర్నాడే ప్యాకింగ్ మొదలుపెట్టాను. క్రెడిట్ ఇంకా రాలేదు. అది నాకూ వాళ్ళకీ మధ్య ఉన్న గొడవ, మీ రిఫండ్‌కీ దానికీ సంబంధం లేదు.

ఇంత పట్టుదల ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. చిన్న వేటలో తూటా పేలకుండా ఒక్క క్లిక్ మంటే చాలు. ఉడుత మాను వెనక్కి తిరిగిపోతుంది, ఆ చెట్టు దగ్గర ఆ పొద్దుకి పని అయిపోయినట్టే. అది పెద్ద నష్టం కాదు, మళ్ళీ వెళ్ళొచ్చు. అసలు భయం వేరే. పేలని తూటా ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. క్లిక్ మన్న వెంటనే కంగారులో లీవర్ దించేస్తే, తూటాని వెనక నుంచి మూసి ఉంచే బోల్ట్ తెరుచుకున్నాక అది పేలితే ముక్కలు ముఖం వైపు వస్తాయి. గొట్టం సురక్షితమైన వైపు పెట్టి కనీసం 30 సెకన్లు ఆగాలి. పక్కన పన్నెండేళ్ళ పిల్లాడిని నిలబెట్టుకుని వేట నేర్పిస్తున్న తండ్రి చేతిలో మాటిమాటికీ క్లిక్ మనే రైఫిల్ పెట్టి నేను నిద్రపోలేను.

ఆపడం తేలికే అయింది. దాని బదులు ఏం పెట్టాలో తేల్చుకోవడానికే నలిగిపోయాను.

లీవర్ వదిలేసి చేత్తో బోల్ట్ లాగే బోల్ట్ యాక్షనో, తనంతట తానే తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటికో తీసుకోమని మీకు చెప్పొచ్చు. కానీ మీలో చాలామంది లీవర్ అడగడానికి కారణాలున్నాయి. ఎడమచేతివాటం వాళ్ళకి ఇబ్బంది లేదు. అడవిలో పారేసుకోవడానికి తూటాలు నింపే విడి మ్యాగజైన్ లేదు. షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్ అనే మూడు రకాల ట్వంటీటూ తూటాలూ ఒకే ట్యూబ్‌లో ఆడతాయి, సెమీ ఆటోకి సాధారణంగా లాంగ్ రైఫిలే కావాలి. తూటాలు ఒకదాని వెనక ఒకటి ముక్కు ఆనించుకుని ఉంటే ప్రమాదం కాదా అని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. సూది ముక్కు సెంటర్‌ఫైర్ తూటాలతో అది నిజంగానే ప్రమాదం. రిమ్‌ఫైర్‌లో మందు అంచులో ఉంటుంది, ముక్కు ఆనేది మధ్యలో. ఆ భయం అక్కర్లేదు.

నా మనసంతా మార్లిన్ కంపెనీ లీవర్ రైఫిల్ 39ఏ మీదే ఉంటుంది, దాచుకోను. 1891లో మొదలైన వంశం, 39ఏ పేరు 1939లో వచ్చింది. పూర్తి స్టీలు. పక్కనున్న పెద్ద స్క్రూ చేత్తో తిప్పితే రెండు ముక్కలై, బ్యారెల్‌ని వెనక నుంచి శుభ్రం చేసుకునే వీలిస్తుంది. మిగతావాటిలో మామూలుగా రాడ్ ముందు నుంచి దూర్చాలి, గొట్టం నోటి అంచు అరగకుండా జాగ్రత్త పడాలి. కానీ 2007 చివర్లో రెమింగ్టన్ ఆ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించడం, పాత ఫ్యాక్టరీ మూతపడటం, 2020లో రెమింగ్టన్ దివాలాలో రూగర్ చేతికి రావడం, ఇదంతా మీకు తెలిసిన కథే. మన షాపుకి వచ్చే 39ఏలన్నీ సెకండ్ హ్యాండే. విన్‌చెస్టర్ 9422 కూడా అంతే, 1972 నుంచి 2005 దాకా చేసి ఆపేశారు. పాతవి దొరికినప్పుడు ఖాళీ కేసుని బయటికి విసిరే ఎజెక్టర్, ట్యూబ్ వంపు, ఛాంబర్ అంచు చూసే కొంటాను. చాలామంది ఖాళీ రైఫిల్‌ని ఉత్తినే టిక్కు టిక్కుమనిపిస్తారు, పాత రిమ్‌ఫైర్‌లలో పిన్ ఛాంబర్ అంచుని కొట్టి గంటు పెడుతుంది. దయచేసి నా కౌంటర్ దగ్గర ఆ పని చేయకండి. కానీ అడ్వాన్స్ కట్టిన అందరికీ సరిపడా పాత రైఫిళ్ళు ఎక్కడి నుంచి తేను?

మిగిలినవి రెండు. బ్రౌనింగ్ బీఎల్-22 జపాన్‌లో మిరోకు చేస్తుంది. లీవర్ 33 డిగ్రీలే తిరుగుతుంది, భుజం మీద నుంచి దించకుండా వేళ్ళు కదిపితే చాలు. ట్రిగ్గర్ కూడా లీవర్‌తో పాటే వెళ్తుంది, వేలు నలగదు. చేతిలో పట్టుకుంటే ముచ్చటేస్తుంది. యాక్షన్ విప్పి మళ్ళీ బిగించడం మాత్రం ఇంట్లో చేసే పని కాదు, ఖరీదూ ఎక్కువే.

రెండోది హెన్రీ హెచ్001. 1990ల చివర్లో వచ్చింది, అమెరికాలోనే తయారీ. ట్యూబ్‌లో లాంగ్ రైఫిల్ 15 పడతాయి, బరువు 5 పౌండ్ల పైన కొంచెం. దీని రిసీవర్ (లీవర్‌తో ఆడే భాగాలు కూర్చునే పెట్టె) మీద కప్పు స్టీలు కాదు, రంగు వేసిన జింక్ మిశ్రమం. ఈ ఒక్క కారణంతో ఇన్నేళ్ళూ దాన్ని అరలో వెనక్కి నెట్టినవాణ్ణి నేనే, దాని గురించి మీ దగ్గర వెటకారాలు ఆడినవాణ్ణీ నేనే. స్టీలు మీద నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. కానీ ఆ కప్పు లోపల పనిచేసే భాగాలు ఎలా ఆడుతున్నాయో చూడటానికి మళ్ళీ కూర్చున్నాను. తక్కువ వేగం తూటాలు, ఎక్కువ వేగం తూటాలు, ముక్కులో గుంట ఉన్న వెడల్పు నోటి హాలో పాయింట్లు, అన్నీ కలిపి ట్యూబ్‌లో పోసి ఆడించాను. గంటు ప్రతిసారీ లోతుగా పడింది. సీసం చెక్కు ఎక్కడా కనపడలేదు.

అందుకని అరలో ముందు వరసలో హెన్రీ ఉంటుంది. బీఎల్-22 అడిగినవాళ్ళకి ఆర్డర్ మీద తెప్పిస్తాను. హెన్రీకి సేఫ్టీ బటన్ లేదు, ఫైరింగ్ పిన్‌ని కొట్టే హ్యామర్‌ని బొటనవేలితో మెల్లగా దించడం రావాలి. తీసుకునేముందు ఆ పని నా ఎదురుగా, ఖాళీ రైఫిల్‌తో చేసి చూపిస్తేనే ఇస్తాను. విసుక్కున్నా సరే.

ఇకమీదట ఏ లీవర్ ట్వంటీటూ అయినా ఒక ట్యూబ్ నిండా నేను కాల్చాకే మీ చేతికి వస్తుంది. “కాల్చి ఇస్తే కొత్తది పాతదైపోదా?” అని ఒక తమ్ముడు అడిగాడు. అయితే అవనీ.

తేదీలు: రిఫండ్‌లు ఈ శనివారం నుంచి, రసీదు లేకపోయినా పుస్తకంలో మీ పేరుంటుంది. మార్చుకునేవాళ్ళు ఫారం 4473 (అమెరికాలో తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం) మళ్ళీ నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ మళ్ళీ జరుగుతుంది. అది వేరే తుపాకీ కాబట్టి తప్పదు. వేట లైసెన్సు, సీజన్ తేదీలు మీ రాష్ట్రం వెబ్‌సైట్‌లో చూసుకోండి. కొత్త రైఫిల్ గురిని 50 గజాలకి సర్దుకోండి, ఏ తూటాతో సర్దారో దానితోనే వేటకెళ్ళండి. ఉడుత వెనక మాను అడ్డంగా ఉంటేనే కొట్టండి, ఆకాశం వైపు వద్దు. ఆ చిన్న తూటా మైలు పైనే పోతుంది.

చివరిగా, “ఆ ఆపేసిన మోడల్ ఒకటి తక్కువకి ఇచ్చెయ్ అన్నా, నేను బాగుచేసుకుంటా” అని ఫోన్ చేస్తున్నవాళ్ళకి: నా దగ్గర ఒక్కటీ లేదు. ఉన్నా ఇవ్వను.