ఫోను పిచ్చి కుర్రాళ్లకేనా?

సంపాదకుల వారికి,

ఆఫీసుల్లో పనులు సాగకపోవడానికి కుర్రాళ్ల చేతుల్లోని ఫోన్లే కారణమని ఈమధ్య ఎక్కడ చూసినా అదే మాట. నేను ఓ ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాను కాబట్టి మా వయసువాళ్ల సంగతి కూడా కాస్త చెప్పాలి.

మా దగ్గర కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు మధ్యమధ్యలో రీల్స్ చూస్తారు, చూడరని నేననను. అయినా ఆ రోజు దరఖాస్తులు ఆ రోజే ఎక్కించేస్తారు. పక్క సీట్లోని పెద్దమనిషి మాత్రం పొద్దున్నే ఊళ్లో అందరికీ గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపించి, తర్వాత మేనకోడలి పెళ్లి సంబంధం గురించి స్పీకర్ పెట్టి మరీ మాట్లాడతాడు, పెళ్లికొడుకు జీతమెంతో హాలంతా విన్నాం. ఎదురుగా పింఛను కాగితం పట్టుకుని నిలబడ్డ ముసలావిడకు ‘ఒక్క నిమిషం’ అన్నట్టు వేలు చూపిస్తాడు. ఆ వేలు దిగేసరికి భోజనం వేళ! ఆయన్ని ఎవరూ ఏమీ అనరు, సీనియర్ కదా.

అసలు ఫోను వద్దనేదీ ఆఫీసే, కావాలనేదీ ఆఫీసే. రిపోర్టు అడిగేది వాట్సాప్ గ్రూపులో, ఫొటో పెట్టమనేది అందులోనే, ఓటీపీ వచ్చేదీ ఆ ఫోనుకే, రీచార్జి మాత్రం మన జేబులోంచి. సారు మెసేజ్ కోసం తెరిస్తే దాని కిందే బావమరిది పంపిన వీడియో ఉంటుంది, ఇక చూడకుండా ఉండేదెవరు? ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లను 2022లో సొంత ఫోన్లలోనే ముఖ హాజరు వేయమన్నారు, 2023లో క్లాసుకు వెళ్లేముందు ఆ ఫోను హెడ్మాస్టర్ దగ్గర పెట్టమన్నారు.

సైలెంట్‌లో పెట్టుకుంటే చాలదా అంటారు. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో వెలువరించిన అధ్యయనంలో, ఫోను బల్లమీద ఊరికే పెట్టుకున్నవాళ్లకంటే పక్క గదిలో వదిలి వచ్చినవాళ్లే పరీక్షల్లో మెరుగ్గా చేశారు.

కాబట్టి జనం వచ్చే కౌంటర్లలో ఆ కాసేపూ ఫోను సొరుగులో పెట్టాలి, ఇంట్లో అర్జెంటయితే చేయడానికి ఆఫీసు నంబరొకటి పనిచేసే స్థితిలో ఉండాలి, ఆఫీసు పనికి ఆఫీసే ఫోనివ్వాలి. ఈ రూలు అటెండరుతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తే ఒప్పుకోం, ముందు ఆఫీసరుగారి ఫోను సొరుగులోకి వెళ్లాలి.

- ఒక ఉద్యోగి, కాకినాడ