సీలు సరిగ్గా పడకపోతే తీర్పు ఉన్నా లాభం లేదు: పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఢిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీకి, లోధీ ప్రాపర్టీ కంపెనీకి మధ్య నడిచిన కేసులో 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీ దృష్టికి వచ్చే ఉంటుంది. నీటి కాలుష్య నివారణ చట్టం (నీటి చట్టం) 33ఏ, గాలి కాలుష్య నివారణ చట్టం (గాలి చట్టం) 31ఏ సెక్షన్ల కింద కాలుష్య నియంత్రణ బోర్డులు (పీసీబీలు) ఫ్యాక్టరీ మూయించడం, కరెంటు తీయించడమే కాదు, జరిగిన నష్టానికి పరిహారం కూడా రాబట్టవచ్చని కోర్టు తేల్చింది. జరగబోయే నష్టానికి ముందే బ్యాంకు గ్యారంటీ అడగొచ్చు. అయితే ఒక మెలిక ఉంది. పరిహారాన్ని ఎలా లెక్కగడతారో, అవతలి పక్షం వాదన ఎలా వింటారో నియమాల్లో రాసుకున్నాకే ఈ అధికారం వాడాలి. నియమాలు చేసే అధికారం నీటి చట్టం 64, గాలి చట్టం 54 సెక్షన్ల కింద, బోర్డును సంప్రదించిన మీదట, రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. వాటిలో ఏముండాలన్నదే ఈ లేఖ.

మొదట శాంపిల్ సంగతి. కేసు చేజారేది ఎక్కువగా ఇక్కడే. నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ వదిలే మురుగునీటి శాంపిల్ తీస్తే అక్కడికక్కడే బాధ్యుడికి నోటీసు ఇవ్వాలి. అతని ముందే దాన్ని రెండు భాగాలు చేసి, రెండింటికీ గుర్తు వేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఒకటి వెంటనే బోర్డు ల్యాబుకు పోవాలి. అతను కోరితే రెండోది 52వ సెక్షన్ కింద నిర్ణయించిన ల్యాబుకు పంపాలి. కావాలని తప్పించుకుంటే ఆ మాట అనలిస్టుకు రాతపూర్వకంగా తెలపాలి. ఇవి పాటించకపోతే రిపోర్టు సాక్ష్యంగా చెల్లదని అదే సెక్షన్ రెండో ఉపసెక్షన్ చెబుతోంది. రాత్రి వానలో పైపు వదిలినప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ "సార్ లేరు" అంటాడు. ఆ నిమిషాన ఇన్‌స్పెక్టర్ పంచనామాలో ఏం రాశాడన్నదే తర్వాత కోర్టులో తేలుతుంది. అందుకే నోటీసు, గైర్హాజరు ధ్రువీకరణ, సీలు నంబరు ఒకే ఫారంలో ఉండేలా నియమాల్లోనే నమూనా ఇవ్వండి.

ఈ పట్టింపు మురుగునీటికే. వాగు, బావి నీళ్ల శాంపిళ్లకు ఆ ఉపసెక్షన్ అడ్డురాదు. కాబట్టి ఎప్పుడు వెళ్లినా పైపు మూతి దగ్గర ఒకటి, కలిసే చోటుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి తీయడం తప్పనిసరి చేయాలి. మొదటిదాన్ని కోర్టు కొట్టేసినా మిగతా రెండూ మాట్లాడతాయి.

సీసా కూడా ముఖ్యమే. సీఓడీ (నీటిలోని కాలుష్యం రసాయనికంగా ఎంత ఆక్సిజన్ తీసుకుంటుందో కొలిచే పరీక్ష) శాంపిల్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కిందికి దించి, 4 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. లోహాలకు వేరే సీసా, నైట్రిక్ ఆమ్లం. నూనె, గ్రీజులకు గాజు సీసా. మన ఫార్మా బెల్టులో అసలు పట్టుకోవాల్సినవి సాల్వెంట్లు, అంటే మందుల తయారీలో వాడే, ఇట్టే ఆవిరయ్యే ద్రావకాలు. వాటికి 40 మిల్లీలీటర్ల గాజు వయల్‌ను గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి మూత బిగించాలి. అదే నీళ్లు ప్లాస్టిక్ బాటిల్లో సగం పోసి ఎండలో జీపు వెనక సీట్లో పడేస్తే, ల్యాబు చేరేలోపు సాల్వెంట్ ఆవిరైపోతుంది. రిపోర్టులో "గుర్తించదగ్గ స్థాయిలో లేదు" అని వస్తుంది. ఎవరూ అబద్ధం ఆడకుండానే ఫ్యాక్టరీ నిర్దోషి అయిపోతుంది!

ఇక పరిహారం లెక్క. కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు ఫార్ములా ప్రకారం ఐదు అంకెల్ని గుణించాలి: కాలుష్య సూచిక (కాలుష్యం ఎక్కువ చేసే రెడ్ కేటగిరీకి 80, మధ్యస్థంగా చేసే ఆరెంజ్‌కు 50, తక్కువ చేసే గ్రీన్‌కు 30), ఉల్లంఘన రోజులు, రూపాయల గుణకం (100 నుంచి 500, సూచించినది 250), పరిశ్రమ సైజు (చిన్నది 0.5, మధ్యరకం 1, పెద్దది 1.5), ఉన్న చోటు. రోజుకు కనీసం 5 వేలు. 50 లక్షలకు పైబడి కోటి లోపు జనాభా ఉన్న నగరంలో పెద్ద రెడ్ కేటగిరీ పరిశ్రమకు 80×250×1.5×1.5 (చివరి 1.5 ఆ చోటు గుణకం), అంటే రోజుకు 45 వేలు. అదే పరిశ్రమ మున్సిపల్ హద్దుకు 10 కిలోమీటర్ల అవతల ఉంటే చోటు గుణకం 1, అంటే 30 వేలే. అదే విషం పల్లెలో చవక అన్నమాట. చెరువు మీద బతికేది పల్లె కాబట్టి నీటి వనరు దగ్గరుంటే పెద్ద గుణకం వేయాలని మన నియమాల్లో రాయవచ్చు.

అసలు గొడవ రోజుల దగ్గర వస్తుంది. ఉల్లంఘన కనబడిన రోజు నుంచి సరిచేశారని బోర్డు నిర్ధారించిన రోజు దాకా లెక్క. బోర్డు ఆలస్యంగా పోతే మొదటి రోజులు పోతాయి. తిరిగి తనిఖీకి ఆలస్యమైతే, అప్పటికే సరిచేశాం, ఆ రోజులు మా మీద ఎందుకని కంపెనీ అప్పీలుకు వెళ్తుంది. "సరిచేశాం" అని కంపెనీ రాసిన ఏడు రోజుల్లో తనిఖీ జరగాలన్న ఒక్క నిబంధన చాలు. పెనాల్టీనీ పరిహారాన్నీ కలపొద్దు. గాలి చట్టంలో 2024 ఏప్రిల్ 1 నుంచి చాలా నేరాలకు జైలు పోయి, 10 వేల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ వచ్చింది. అది తప్పు చేసినందుకు. చెరువు బాగుచేసే ఖర్చు వేరు, దానికి ఆ పరిమితి లేదు.

ఫార్ములాతో వచ్చే డబ్బులో రైతు పంట నష్టం ఉండదు. దానికి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ కింద చెన్నై బెంచికి వెళ్లాలి. అదే చట్టం 29వ సెక్షన్ వల్ల ఈ పరిహారం కోసం సివిల్ కోర్టు తలుపు మూసుకుంది. గడువు ఐదేళ్లు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. పరిహారం కాక ఇతర పర్యావరణ వివాదాలకు 14వ సెక్షన్ కింద అయితే ఆరు నెలలే, పైన 60 రోజులు. కలెక్టరేట్ ఫిర్యాదుల కార్యక్రమం ప్రజావాణిలో ఇచ్చిన అర్జీ ఈ గడువును ఆపదు. చాలామందికి తెలియనిది ఇదే. ఫీజు అడిగిన పరిహారంలో ఒక శాతం, కనీసం వెయ్యి. పది లక్షలు అడిగితే పదివేలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. అక్కడ నిలబడాలంటే ఏ సర్వే నంబరులో ఏ పంట, ఎంత పోయిందో కాగితం కావాలి. వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈఓలు) పంటల నమోదు ఎలాగూ చేస్తున్నారు. కాలుష్య ఫిర్యాదు వచ్చిన 48 గంటల్లో ఏఈఓ, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ కలిసి పంచనామా రాసి, కాపీ రైతు చేతికివ్వాలని వ్యవసాయ, రెవెన్యూ శాఖలతో ఉమ్మడి జీఓ ఇప్పించండి.

2025 జూలైలో కేంద్రం నోటిఫై చేసిన కలుషిత స్థలాల నియమాలు కూడా వచ్చాయి. అనుమానిత స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి ఇవ్వాలి. 90 రోజుల్లో ప్రాథమిక అంచనా, మరో మూడు నెలల్లో వివరమైన సర్వే జరగాలి. 189 ప్రమాదకర రసాయనాలను చూస్తారు. బాధ్యుడు తేలితే శుద్ధి ఖర్చు అతనిదే. గొలుసంతా కలెక్టరేట్ జాబితాతోనే మొదలవుతుంది. అక్కడ పేరెక్కని కుంట మిగతా చోట్ల లేనట్టే. పటాన్‌చెరు పరిశ్రమల కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లి, హైకోర్టు మీదుగా ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో తీర్పు దాకా వచ్చింది. 27 ఏళ్లు!

ముందుగా సంగారెడ్డి జిల్లా జాబితాను తెలుగులో, సర్వే నంబర్లతో, పటాన్‌చెరు ప్రాంతంలోని నక్కవాగు వెంబడి ఉన్న గ్రామ పంచాయతీల నోటీసు బోర్డులపై అంటించమని ఆదేశించండి. ఎవరి చెరువు అందులో లేదో ఊళ్లవాళ్లే చెబుతారు.

ఇట్లు,
కాలుష్య కేసుల్లో రైతుల తరఫున కాగితాలు సిద్ధం చేసేవాళ్లం