మా టైగర్‌కూ పిన్నమ్మ మల్లికీ పొత్తు కుదిర్చిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. జమ్మలమడుగులో ఒంటరిగా ఉన్న మా పిన్నమ్మ ఇప్పుడు కడపలో మా ఇంట్లోనే ఉంటోంది. తన పిల్లి మల్లిని వదిలి రానని ఆమె, ఇంట్లో మా కుక్క టైగర్ ఉందే ఎట్లా అని మేము, చాలా టెన్షన్ పడ్డాం. ఈరోజు మల్లి, టైగర్ ఒకే వసారాలో తిరుగుతున్నాయంటే అది కొందరు మంచివాళ్ల పుణ్యం.

ముందుగా పశువుల ఆసుపత్రి డాక్టరమ్మకు నమస్కారాలు. రెండింటికీ రేబిస్ టీకాలు వేసి, మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. మొదట వాసన అలవాటు కావాలి, చూసుకోవడం తర్వాత అన్నారు. మల్లిని వేరే గదిలో ఉంచి, అది పడుకున్న చీర ముక్కను టైగర్ దగ్గర, టైగర్ గోనెపట్టాను మల్లి దగ్గర వేయించారు. మూసిన తలుపుకు అటొకటి ఇటొకటి గిన్నె పెట్టమన్నారు. అవతలిదాని వాసన తగిలినప్పుడల్లా తిండి దొరుకుతుంటే పగ పెరగదట. పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే వెంటనే తీసుకురమ్మని గట్టిగా చెప్పారు. పస్తుంటే పిల్లులకు కాలేయం దెబ్బతింటుందని అప్పటిదాకా మాకు ఎవరూ చెప్పలేదు.

మేడమీది అక్క రుణం ఎట్లా తీర్చుకోవాలో తెలియదు. జాలీ తలుపు అవతల మల్లి, ఇవతల టైగర్ బెల్టు పట్టుకుని అక్క. టైగర్ ఒళ్లు బిగబట్టి, రెప్ప వేయకుండా మల్లినే చూస్తుంటే వెంటనే పక్కకు తీసుకెళ్లేది. చూపు తిప్పుకుంటే ఉడికిన గుడ్డు ముక్క పెట్టేది. ఒక్కసారి కూడా కసురుకోలేదు. పిల్లిని ఎత్తుకుని కుక్క ముందుకు తేవద్దని, బెదిరితే మొహం మీద రక్కుతుందని పిన్నమ్మకు నచ్చజెప్పింది కూడా ఆమే.

ఆ జాలీ తలుపు బిగించిన కార్పెంటర్ అన్న, మల్లి ఎక్కి కూర్చోవడానికి గోడకున్న కడప బండ అరలను ఖాళీ చేసిపెట్టాడు. టైగర్‌కు అందని ఎత్తు దొరికాక మల్లి బుసలు తగ్గాయి. ఎదురెదురు కూర్చోబెట్టే ముందు టైగర్‌ను బాగా తిప్పి తెచ్చిన ఎదురింటి అబ్బాయికీ థ్యాంక్స్.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇప్పటికీ రెండింటినీ వేరు గదుల్లోనే ఉంచుతున్నాం. అందుకు మామూలు తలుపు చాలు, జాలీ తలుపు ఖాళీగా ఉంది. కడపలో ఎవరికైనా ఇలాంటి అవసరం ఉంటే అడగండి, తీసుకెళ్లి వాడుకోండి.