రెండు వైజాగ్‌లు

ఒరే బావా,

నీ రెండు ఉత్తరాలూ టేబుల్ మీదే ఉన్నాయి. జవాబు రాయనందుకు నాలుగు తిట్టు, పడతాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చెల్లి పరీక్షలు అయిపోయాయి, అందరం కులాసా. అసలు సంగతి వేరే ఉంది, అది నీకు చెప్తే గానీ నాకు నిద్ర పట్టదు.

ఇంట్లో ఫొటోలన్నీ ఒకచోట ఉండాలని పైథాన్‌లో వెబ్‌డావ్ సర్వర్ రాస్తున్నానన్నాను కదా. బ్రౌజర్‌తో పని లేదు, మామూలు ఫోల్డర్‌లా తెరిచి అందులోనే ఫైళ్లు పెట్టుకోవచ్చు, పేర్లు మార్చుకోవచ్చు. 1999 నాటి పద్ధతి. 2007లో సవరించి ఇచ్చిన దాని నియమాల పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 4918, పక్కన పెట్టుకుని రాశాను. ఫోల్డర్ చెయ్యమనే ఆదేశం పేరు ఎంకేకాల్, లోపల ఏమున్నాయని అడిగేది ప్రాప్‌ఫైండ్. దానికి 207 నంబరుతో ఇంత పొడుగు ఎక్స్‌ఎమ్‌ఎల్ జవాబివ్వాలి. లాక్ దగ్గరే, అంటే ఒకరు రాస్తున్న ఫైలుని ఇంకొకరు ముట్టకుండా వేసే తాళం దగ్గరే, వారం పట్టింది. అది లేకపోతే అన్నయ్య మ్యాక్ ఫోల్డర్‌ని చూడనిస్తుంది గానీ అందులో ఏమీ పెట్టనివ్వదు. సరే, అదీ అయింది.

మొన్న శుక్రవారం నా విండోస్ నుంచి 'వైజాగ్' అని ఫోల్డర్ పెట్టాను. రాత్రి అన్నయ్య తన మ్యాక్‌లోని 'వైజాగ్' లాగి సర్వర్‌లోనే పడేశాడు. పొద్దున్నే నాన్న కేక: "ఒరేయ్, సగం ఫొటోలు ఏవిరా?"

వెళ్లి చూస్తే రెండు వైజాగ్‌లు! ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్, పక్కపక్కన. స్పేస్ ఏమైనా పడిందేమోనని చూశాను, లేదు. నీ రుషికొండ చెప్పులు గుర్తొచ్చాయి, అచ్చం అదే కేసు! మధ్యాహ్నం అన్నం కూడా మానేసి కూర్చున్నా. చివరికి రెండు పేర్ల పొడవూ పైథాన్‌ని అడిగాను. ఒకటి 6, ఇంకోటి 7.

నిజంగా ఒళ్లు జలదరించింది. ఆ ఏడోది ఎక్కడిదో తెలుసా? ఐత్వంలోది. ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో ఐత్వం మొత్తం ఒకే గుర్తు, నంబరు 0సీ48. దాన్నే విడదీసి ఎత్వం 0సీ46, కింద వేలాడే తోక 0సీ56 అని రెండుగా కూడా రాయొచ్చు. విండోస్ కలిపి పంపింది, మ్యాక్ విడదీసి పంపింది. నా లినక్స్ డిస్కుకి బైట్లు వేరైతే పేరు వేరే. "ఎత్వం ఇచ్చి కింద తోక తగిలించండ్రా" అని మన మాస్టారు బోర్డు మీద రాసి చూపించేవారే, సరిగ్గా అదే! ఆయన చెప్పిందే కంప్యూటర్ లోపల కూడా జరుగుతోందంటే ఎంత సంబరమేసిందో. వెంటనే ఆయనకి ఫోన్ చేద్దామనుకున్నాను గానీ...

వచ్చిన ప్రతి పేరునీ పైథాన్‌లో ఉండే యూనికోడ్‌డేటాలోని నార్మలైజ్‌తో ఎన్‌ఎఫ్‌సీలోకి, అంటే కలిపిన రూపంలోకి, మార్చేశాను. ఒక్క లైను. అయిపోయిందనుకున్నా. సాయంత్రం అన్నయ్య ఇంకో ఫోల్డర్ పేరు 'హైదరాబాద్' అని మార్చాడు, మళ్లీ కవలలు! పేరు మార్చమని వచ్చే మూవ్ రిక్వెస్ట్‌లో కొత్త పేరు యూఆర్‌ఎల్‌లో రాదు, దానితో పాటు వచ్చే డెస్టినేషన్ అనే హెడర్ లైనులో వస్తుంది. దాన్ని మార్చకుండా వదిలేశాను. ఇప్పుడు అదీ సరిచేశాను.

ఇక రెండు వైజాగ్‌లనీ కలపాలి. రెండింట్లోనూ ఒకే పేరున్న ఫొటోలు పద్నాలుగు ఉన్నాయి. వాటిలో నీ లైట్‌హౌస్ ఫొటో... అది మాత్రం నాన్న చూడకముందే...

అమ్మో, నాన్న లేచారు. ఉంటా