ఆస్పత్రి కరెంటు ఎక్కడ వృథా అవుతోందో మీటర్లు చెబుతాయి: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు నమస్కారాలతో,

2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన సనత్‌నగర్, ఎల్బీనగర్, అల్వాల్ టిమ్స్ (తెలంగాణ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్) ఆస్పత్రులు, వరంగల్‌లో పాత జైలు స్థలంలో తలపెట్టిన 24 అంతస్తుల ఆస్పత్రి, 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగిన కొత్త ఉస్మానియా... వీటిలో పడకలెన్ని, అంతస్తులెన్ని, నిర్మాణానికి ఖర్చెంత అన్న చర్చ చాలానే జరిగింది. ఆ భవనాలు తెరిచిన నాటి నుంచి దశాబ్దాల పాటు నెలనెలా కట్టాల్సిన కరెంటు బిల్లు గురించి మాత్రం అంత చర్చ జరగలేదు. పెద్ద భవనాల్లో ఎనర్జీ ఆడిట్లు (కరెంటు ఎక్కడ ఎంత ఖర్చవుతోందో తేల్చే తనిఖీలు) చేయడమే వృత్తిగా ఉన్నవాడిగా, ఆ ఒక్క విషయం మీద తమ దృష్టిని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఆస్పత్రికి సెలవు ఉండదు. ఐసీయూలు, బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లు రాత్రింబవళ్లు నడవాలి. ఎంఆర్‌ఐ యంత్రం స్కాన్ చేయని వేళ కూడా దాని శీతలీకరణ ఆగకూడదు. కోవిడ్ కాలంలో అనేక ఆస్పత్రుల్లో పెట్టిన ఆక్సిజన్ ప్లాంట్ల కంప్రెషర్లు కూడా కరెంటు మీదే నడుస్తాయి. సెంట్రల్ ఏసీ ఉన్న చోట మొత్తం వాడకంలో పెద్ద వాటా సాధారణంగా దానిదే. బిల్లు తగ్గించడానికి ఐసీయూలో ఏసీ తగ్గించమని ఎవరైనా సలహా ఇస్తే దాన్ని అక్కడికక్కడే తోసిపుచ్చాలి. ఏ రోగికీ ఉపయోగపడకుండా పోతున్న కరెంటును వెతికి పట్టుకోవడం గురించి మాత్రమే నేను మాట్లాడుతున్నాను. ఆ వెతుకులాటకు కావలసిన సమాచారం చాలావరకు ఆ భవనాల్లోనే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక పెద్ద ఆస్పత్రి ప్లాంట్ రూమ్‌లో చిల్లర్ (సెంట్రల్ ఏసీ కోసం నీటిని చల్లబరిచే యంత్రం) నుంచి 7 డిగ్రీల నీరు వార్డులకు వెళ్తోంది, 9 డిగ్రీలకే తిరిగి వస్తోంది. మామూలుగా అది వేడిని తీసుకుని 12 డిగ్రీలకు అటూఇటుగా రావాలి. కారణం వెతికితే, ఓపీ విభాగంలోని కొన్ని ఏహెచ్‌యూల (ఆ చల్లని నీటితో గాలిని చల్లబరిచి గదుల్లోకి పంపే యంత్రాల) వాల్వులు చెడిపోయి తెరుచుకునే ఉన్నాయని తేలింది. మధ్యాహ్నం ఓపీ ముగిసి ఫ్యాన్లు ఆగిపోయినా చల్లని నీరు వాటి గుండా తిరుగుతూ, ఎవరినీ చల్లబరచకుండా, వెళ్లినది వెళ్లినట్టే వెనక్కి వస్తోంది. ఒక పంపు, ఒక చిల్లర్ సరిపోయే వేళల్లోనూ రెండేసి నడుస్తున్నాయి. లాగ్‌బుక్‌లో ఆపరేటర్ గంటగంటకూ 7, 9, 7, 9 అని నెలల తరబడి శ్రద్ధగా రాశాడు. ఆయన తన పని చేశాడు. ఆ రెండు గడులనూ పక్కపక్కన పెట్టి చదివే బాధ్యతే ఎవరికీ అప్పగించలేదు.

భవన డేటా విశ్లేషణ అంటే ఆ చదివే పనిని కంప్యూటర్‌కు అప్పగించడమే. పావుగంటకోసారి నమోదయ్యే ఉష్ణోగ్రతలు, నీటి ప్రవాహం, ఒక్కో యంత్రం తీసుకునే కరెంటు చూసి, ఫలానా వాల్వు మూసుకోవడం లేదని, ఓపీ ముగిశాక కూడా ఫలానా ఏహెచ్‌యూ నడుస్తోందని అది ఇంజినీరుకు చెబుతుంది. మన బోరు నీటి కాఠిన్యం వల్ల కూలింగ్ టవర్ నీటితో వేడిని వదిలించుకునే చిల్లర్ల కండెన్సర్ గొట్టాల్లో పొర కడుతుంది. ఆ పొర వల్ల చిల్లర్ తీసుకునే కరెంటు మెల్లమెల్లగా పెరుగుతుంది కనుక బిల్లులో అది ఏడాదికి గానీ బయటపడదు. రోజువారీ లెక్కలు పోల్చి చూస్తే వారాల్లోనే తెలుస్తుంది.

ఆపరేషన్ థియేటర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. శస్త్రచికిత్స జరిగే వేళ గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలని, శస్త్రచికిత్సలు లేని వేళ కూడా బ్లోయర్ ఆపకూడదని ఆస్పత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అవే మార్గదర్శకాలు, గదిలో పాజిటివ్ ప్రెషర్ (బయటి గాలి లోపలికి రాకుండా ఆపే అదనపు పీడనం) చెదరకుండా ఉంటే, ఆ ఖాళీ వేళల్లో వీఎఫ్‌డీ (ఫ్యాన్ వేగాన్ని మార్చే పరికరం) ద్వారా గాలి మార్పిడిని తగ్గించుకోవడానికి అనుమతిస్తున్నాయి. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే దానికి కావలసిన శక్తి సిద్ధాంత రీత్యా ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 15 కిలోవాట్ల ఫ్యాన్‌కు నష్టాలు కలిపి మూడు కిలోవాట్లు అనుకున్నా, పది గంటల రాత్రికి ఒక్క థియేటర్ మీద 120 యూనిట్లు మిగులుతాయి. అత్యవసర థియేటర్లను ఇందులో కలపకూడదు. మిగతా థియేటర్లు ఏ రాత్రి ఖాళీగా ఉన్నాయో, ప్రెషర్ నిలిచిందో లేదో రికార్డు ఉంటేనే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ధైర్యంగా ఒప్పుకోగలదు. అందుకే ఇక్కడ డేటా ఎంత పొదుపు కోసమో రోగి భద్రత కోసమూ అంతే.

బిల్లులో మరో పద్దు కూడా చూడాలి. హెచ్‌టీ (హై టెన్షన్) వినియోగదారు వాడినా వాడకపోయినా ఒప్పంద డిమాండ్‌లో (ఒకేసారి గరిష్ఠంగా ఎంత కరెంటు కావాలో ముందే రాసుకున్న పరిమితిలో) కనీసం 80 శాతానికి డిమాండ్ చార్జీ కట్టక తప్పదు. కొత్త ఆస్పత్రికి యంత్రాల నేమ్‌ప్లేట్ల మీద రాసి ఉన్న గరిష్ఠ సామర్థ్యాలన్నీ కూడి ఒప్పందం రాసుకుంటే, వాడని కిలోవోల్ట్ ఆంపియర్లకు ఏళ్ల తరబడి డబ్బు పోతుంది. నిజంగా ఎంత డిమాండ్ నమోదవుతోందో డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) పెట్టిన మీటరులోనే ఉంది.

ఫలితాల విషయంలో తమకు అతిశయోక్తులు చెప్పదలచుకోలేదు. సగం బిల్లు తగ్గిస్తామని వచ్చే సంస్థలను నమ్మవద్దనే నా మనవి. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల 2016 నుంచి 2020 వరకు వందకు పైగా సంస్థల భవనాలను గమనించింది. మీటరు లెక్కలను తెర మీద చూపే వ్యవస్థలతో మధ్యస్థ పొదుపు 3 శాతం, యంత్రాల్లో లోపాలను గుర్తించి చెప్పే వ్యవస్థలతో 9 శాతం అని తేల్చింది. లోపం ఎక్కడుందో తెలియాలి, తెలిశాక ఎవరో ఒకరు వెళ్లి సరిచేయాలి. పొదుపంతా అక్కడే ఉంది.

మన దగ్గర లోటు కొనుగోలులో లేదు. పెద్ద ఆస్పత్రుల టెండర్లలో బీఎంఎస్ (భవనంలోని యంత్రాలను ఒకే చోటి నుంచి గమనిస్తూ నడిపే కంప్యూటర్ వ్యవస్థ) ఎలాగూ ఉంటుంది. నేను చూసిన చాలా చోట్ల దాని పాస్‌వర్డ్ గుత్తేదారు దగ్గరే ఉంటుంది. పాత డేటా కొద్ది వారాలకే చెరిగిపోతుంది, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ముగిశాక తెర నల్లబడుతుంది. కాబట్టి రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ (టీజీఎంఎస్‌ఐడీసీ) ఒప్పందాల్లో కొన్ని షరతులు చేర్చించాలని కోరుతున్నాను. డేటా ఆస్పత్రి ఆస్తి అని స్పష్టంగా రాయాలి. పావుగంట లెక్కలు కనీసం ఐదేళ్లు నిల్వ ఉండాలి. బ్యాక్‌నెట్, మోడ్‌బస్ వంటి ఏ కంపెనీకీ సొంతం కాని ప్రోటోకాల్‌లే (యంత్రాలు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే పద్ధతులే) వాడాలి. చిల్లర్లకు, థియేటర్లకు, ఇమేజింగ్‌కు, ఆక్సిజన్ ప్లాంటుకు విడివిడి మీటర్లు ఉండాలి. అన్నిటికీ మించి, సెన్సర్లు సరిగా చూపుతున్నాయని పరీక్షించాకే భవనాన్ని స్వాధీనం చేసుకోవాలి. తప్పుడు థర్మామీటరును నమ్మి చేసే విశ్లేషణ ఇంజినీరును తప్పుదారి పట్టిస్తుంది.

చదివే మనుషులూ కావాలి. ప్రతి ఆస్పత్రిలో నిపుణుడిని పెట్టనవసరం లేదు. రాష్ట్రం మొత్తానికి టీజీఎంఎస్‌ఐడీసీలో నలుగురైదుగురు ఇంజినీర్ల విభాగం ఒకటి ఉంటే, వారు వారానికోసారి ఒక్కో ఆస్పత్రికి చేయాల్సిన పనుల జాబితా పంపవచ్చు. భవన శాస్త్రం మీద ప్రత్యేకంగా పరిశోధన చేస్తున్న ట్రిపుల్ ఐటీ మన గచ్చిబౌలిలోనే ఉంది. ప్లాంట్ ఆపరేటర్లలో చాలామంది ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నవారు. వారికి శిక్షణ, ఉద్యోగంలో స్థిరత్వం లేకుండా ఈ పని సాగదు. ఇలా బిల్లులో మిగిలిన సొమ్ములో కొంత భాగమైనా అదే ఆస్పత్రి నిర్వహణకు వదిలితే సూపరింటెండెంట్లు దీన్ని తమ పనిగా తీసుకుంటారు.

కొత్త భవనాల కోసం ఎదురుచూడకుండా, గాంధీ, నిలోఫర్, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రుల గత ఏడాది డిమాండ్ లెక్కలను డిస్కమ్‌ల నుంచి ఇప్పుడే తెప్పించవచ్చు. దానికి ఒక ఉత్తరం చాలు. ఆ లెక్కలను ప్రజల ముందుంచి, పైన చెప్పిన షరతులు పూర్తయ్యే వరకు కొత్త ఆస్పత్రుల బీఎంఎస్‌కు తుది చెల్లింపు ఆపాలని ఆదేశించవలసిందిగా తమను ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక ఎనర్జీ ఆడిటర్, హైదరాబాద్